ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్‌తో ఒక సెమిస్టరు, మా పాల కేంద్రం లెక్కలు

డిగ్రీ రెండో ఏడు మా డీబీఎంఎస్ (డేటాబేస్ పాఠం) ల్యాబ్‌లో ఉన్నది ఒరాకిల్ 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, లెక్కల్ని పట్టికలుగా దాచి అడిగినప్పుడు తీసిచ్చే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. 2006 నాటి సరుకు. నేను దాని ముందు కూర్చున్నది 2022లో, అంటే దానికి మా తమ్ముడి వయసుంది. దాని తర్వాత 11జీ, 18సీ, 21సీ అని ఎక్స్‌ప్రెస్‌లు వరసగా వచ్చాయి గానీ, మా ల్యాబ్ డెస్క్‌టాపుల మీద కదిలేది ఇదొక్కటే. తర్వాత ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో 11జీ ఎక్స్‌ప్రెస్ వేసుకున్నాను. రెండూ కలిపి ఏడాదిన్నర వాడకం. పైసా ఖర్చు లేదు, ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితమే. అయినా రివ్యూ రాస్తున్నానంటే, జూనియర్లు ప్రతి ఏడూ ఫోన్ చేసి అడిగేది ఇదే: "అక్కా, ఒరాకిల్ వేసుకోవాలా, జాంప్ సరిపోద్దా?" జాంప్ అంటే ఇంకో డేటాబేస్‌ని బ్రౌజర్‌లో తేలిగ్గా నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. నాన్న పాల కేంద్రం నడుపుతాడు. ఎనభై మంది పాలు పోస్తారు, పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. పాలల్లో వెన్న ఎంతుందో చూసే ఫ్యాట్ మిషన్ ఉంది గానీ లెక్కంతా పుస్తకంలోనే. పది రోజులకోసారి బిల్లు. ఆ బిల్లు రాత్రి ఇంట్లో టీవీ పెట్టకూడదు, నవ్వకూడదు, క్యాలిక్యులేటర్ అడగకూడదు. నేను డేటాబేస్ నేర్చుకోవాలనుకున్నది మార్కుల కోసం కాదు, ఆ రాత్రిళ్లు పోవాలని.

మొదటి రోజు, డేటాబేస్‌కి ఎస్‌క్యూఎల్ అనే భాషలో ఆజ్ఞలు టైప్ చేసే నల్ల కిటికీ తెరిచాం. స్టార్ట్ మెనూలో 'రన్ ఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్' అని ఉంటుంది. కనెక్ట్ అని కొట్టాం, యూజర్ పేరు అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ పడదు, కనీసం చుక్కలు కూడా రావు. సగం క్లాసు కీబోర్డు పాడైందని చేతులెత్తింది. నేను రెండుసార్లు కీబోర్డు తిరగేసి దులిపాను కూడా. ల్యాబ్ అన్న వచ్చి, "కొట్టండమ్మా, అది చూస్తానే ఉంది" అన్నాడు.

ఎర్రర్ వచ్చిందంటే ముందు ఓఆర్ఏ అని మూడు అక్షరాలు, పక్కన అయిదంకెల నెంబరు పడుతుంది. మేం దాన్ని కలిపి 'ఒరా' అనేవాళ్లం. రెండో వారానికి అది 'ఒరేయ్' అయింది. "నీకు ఒరేయ్ ఎంతొచ్చిందే?" అంటే "తొమ్మిది వందల నలభై రెండు" అనేది నా పక్కనమ్మాయి. 942 అంటే ఆ పేరుతో టేబుల్, అంటే పట్టిక, లేదని. 904 అంటే ఆ కాలమ్ లేదని. 907 అంటే కుడి బ్రాకెట్ లేదని, కానీ తీరా చూస్తే బ్రాకెట్ శుభ్రంగా ఉంటుంది, అంతకుముందు ఎక్కడో కామా ఎగిరిపోయి ఉంటుంది. 911 కథ వేరు. మాకిచ్చిన జిరాక్స్ మెటీరియల్‌ని ఎవరో వర్డ్‌లో టైప్ చేశారు. వర్డ్ కోట్స్‌ని వంకర్లు తిప్పుతుంది. ఆ ఫైల్ నుంచి కాపీ చేసి అతికిస్తే ఒరాకిల్ ఆ వంకర కోట్స్‌ని గుర్తించదు. కంటికి రెండూ ఒకటే. ఈ ఒక్క ముక్క తెలియక మా బ్యాచ్‌లో ఒక ల్యాబ్ మూడు గంటలూ పోయాయి.

తేదీలూ అంతే. మనం 5-3-22 అని రాస్తాం కదా, అట్లా కొడితే నెల సరిగా లేదంటూ 1843 వస్తుంది. మామూలుగా అది కోరేది 05-మార్-22, నెల ఇంగ్లిష్ మూడక్షరాల్లో. మొదట్లో విసుక్కున్నాను గానీ, ఇది ఎందుకో ఇంట్లో అర్థమైంది. నాన్న పుస్తకంలో ఒకచోట 4-5 అని ఉంది. అది మే నాలుగో, ఏప్రిల్ ఐదో, ఆయనక్కూడా పై పేజీ చూస్తే గానీ తెలియలేదు.

మాకు అన్నం పెట్టిన టేబుల్ ఈఎంపీ, నేర్చుకునేవాళ్ల కోసం కల్పించిన ఉద్యోగుల పట్టిక. ఒరాకిల్ నేర్చుకున్న ఎవర్నడిగినా చెబుతారు. ఎక్స్‌ప్రెస్‌లో తయారుగా వచ్చేది హెచ్ఆర్ అనే యూజరు, అందులో 107 మంది ఉద్యోగులు, అది కూడా తాళం వేసి వస్తుంది. మా మేడమ్‌కి ఆ 107 మంది నచ్చలేదు. స్క్రిప్టు నడిపించి, ఈఎంపీ ఉండే పాత స్కాట్ యూజర్ని తెప్పించారు, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఆ కంపెనీ తొలి ఉద్యోగుల్లో ఒకాయన, టైగర్ వాళ్లింటి పిల్లి. పులి అనుకుని భయపడ్డది పిల్లా అని క్లాసంతా నవ్వాం.

ఈఎంపీలో పధ్నాలుగు మందే. కింగ్ ప్రెసిడెంటు, జీతం 5000. స్మిత్ గుమాస్తా, 800. పధ్నాలుగు మంది అంటే చిన్న టేబుల్ అనిపిస్తుంది గానీ, దాన్ని పెట్టినవాళ్లకి ఒక్కో వరసా ఎందుకుందో తెలుసనిపిస్తుంది నాకు. ఉదాహరణకి కమిషన్ కాలమ్. పధ్నాలుగు మందిలో నలుగురికే అందులో అంకె ఉంది. అలెన్‌కి 300, వార్డ్‌కి 500, మార్టిన్‌కి 1400, టర్నర్‌కి సున్నా. మిగతా పదిమందికి ఏమీ లేదు, ఖాళీ. టర్నర్ సున్నాకీ ఆ పదిమంది ఖాళీకీ తేడా ఏంటని మేడమ్ అడిగితే, "రెండూ డబ్బులు రానివే కదా మేడమ్" అన్నాను. అప్పుడు ఆవిడ జీతం, కమిషన్ కలిపి చూపించమన్నారు. కలిపాం. కింగ్‌గారి ఎదురుగా ఖాళీ. అయిదు వేల జీతగాడు, క్లాసులో అందరికంటే పెద్ద మనిషి, ఆయనకి జీతమే లేదన్నట్టు వచ్చింది. తెలియని దాన్ని దేనికి కలిపినా తెలియనిదే వస్తుంది. దాన్ని దాటడానికి ఎన్‌వీఎల్ అని ఒక ఫంక్షన్ ఉంది, లేనిచోట సున్నా అనుకోమని చెప్పాలి.

పరీక్షకి రాసుకున్నాను, మర్చిపోయాను. అది మళ్లీ ఎదురైంది మా ఇంట్లోనే.

దసరా సెలవుల్లో నాన్న పుస్తకాలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఫ్యాట్ మిషన్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది. ఆ పూట నాన్న వెన్న గడిలో ఒక గీత పెట్టి వదిలేస్తాడు. నేను ఆ గీతలన్నిటికీ సున్నా కొట్టాను, అంకెల కాలమ్‌లో గీత పట్టదు కదా అని. తర్వాత ఒక్కొక్కరి సగటు వెన్న తీసి నాన్నకి చూపించాను, మెచ్చుకుంటాడని. ఒక పేరు దగ్గర ఆగాడు. "ఈ ముసలమ్మ గేదెకి అయిదు పాయింట్ నాలుగా? ఆ గేదె ఏడుకి తగ్గి ఇచ్చిందే లేదు. నీ మిషనేదో తప్పు, అమ్మాయ్" అన్నాడు. మిషన్ తప్పు కాదు. 7.2, 7.0, 7.4, నాలుగోది నా సున్నా. మొత్తం 21.6ని నాలుగుతో భాగిస్తే 5.4. ఆ సున్నా తీసి నల్, అంటే విలువ లేని ఖాళీ గడి, అని పెట్టాను. ఒరాకిల్ సగటు తీసేటప్పుడు నల్‌ని లెక్కలోకే తీసుకోదు, మూడుతోనే భాగిస్తుంది. 7.2 వచ్చింది. "ఆ, ఇదీ" అన్నాడు నాన్న. కొలవలేదు వేరు, కొలిస్తే ఏమీ రాలేదు వేరు. నాన్న పెట్టిన గీతకి అర్థం అదేనని నాకు ఈఎంపీలో టర్నర్ చెప్పినా ఎక్కలేదు, ముసలమ్మ గేదె చెబితే ఎక్కింది.

ఒరాకిల్ దగ్గర ఇంకో వింత ఉంది. ఏమీ లేకుండా రెండు కోట్స్ పక్కపక్కన పెడితే, అంటే ఖాళీ మాట ఇస్తే, అది కూడా నల్ అనే అనుకుంటుంది. ఇంకో డేటాబేస్ మై ఎస్‌క్యూఎల్ అట్లా అనుకోదు. వైవాలో అడుగుతారు, గుర్తు పెట్టుకోండి.

కమిట్, అంటే రాసినదాన్ని ఖాయం చెయ్యమనే ఆజ్ఞ, దాని గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు.

నవంబర్‌లో మినీ ప్రాజెక్టు. నేను పాల కేంద్రమే తీసుకున్నాను. పోసేవాళ్ల టేబుల్ ఒకటి, పూటల టేబుల్ ఒకటి. మధ్యాహ్నం కూర్చుని అరవై వరసలు చేత్తో కొట్టాను. ఒక్కొక్కటి కొట్టగానే 'వన్ రో క్రియేటెడ్' అని వస్తోంది. ఎంత తృప్తో. నాలుగు గంటలకి కరెంటు పోయింది. మా వరసలో యూపీఎస్‌లు పేరుకే ఉన్నాయి. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే 'నో రోస్ సెలెక్టెడ్'. అరవైకి ఒక్కటి లేదు. టేబుల్ మాత్రం ఉంది.

ఏడుపొచ్చింది. నా వెనక కూర్చున్న అబ్బాయికి మాత్రం మొదటి ఇరవై మిగిలాయి. "నేనేం చెయ్యలేదు, నాకెందుకున్నాయో నాకే తెలీదు" అన్నాడు. మేడమ్ వాడి స్క్రీన్ చూసి, "మధ్యలో ఇంకో టేబుల్ క్రియేట్ చేశావా?" అని అడిగారు. చేశాడు. ఒరాకిల్‌లో టేబుల్ సృష్టించే, మార్చే, తీసేసే ఆజ్ఞ ఏదిచ్చినా, అంతకుముందు రాసినవన్నీ తనంతట తానే కమిట్ అయిపోతాయి. మామూలు వరసలు మాత్రం మనం కమిట్ అని కొట్టేదాకా పెన్సిల్‌తో రాసినట్టే.

ఆ తర్వాత మేడమ్ ఒక పని చేయించారు. రెండు నల్ల కిటికీలు తెరిపించి, రెండింట్లోనూ స్కాట్‌గానే లాగిన్ అవ్వమన్నారు. ఒకదాంట్లో ఒక వరస చేర్చాను. అదే కిటికీలో చూస్తే ఉంది, రెండోదాంట్లో లేదు. మొదటిదాంట్లో కమిట్ కొట్టాక రెండోదాంట్లోకి వచ్చింది. మళ్లీ ఒకదాంట్లో కింగ్ జీతం మార్చి వదిలేసి, రెండోదాంట్లో అదే కింగ్ జీతం మార్చబోతే కర్సర్ అలా కొట్టుకుంటూనే ఉంది. మొదటివాడు తేల్చేదాకా రెండోవాడు వాకిట్లో నిలబడాల్సిందే. టెక్స్ట్‌బుక్‌లో ట్రాన్సాక్షన్ల చాప్టర్ ఇరవై పేజీలు, అందులో ఏసిడ్ ధర్మాలని నాలుగు అక్షరాలు బట్టీ పట్టాం. ఆ పావుగంటలో తెలిసింది ఆ ఇరవై పేజీల్లో నాకు దొరకలేదు.

మై ఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ (ప్రతి మార్పూ దానంతటదే కమిట్ అవడం) మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. నల్ల కిటికీ బదులు బ్రౌజర్‌లో తెరుచుకునే ఒరాకిల్ పేజీలో కూడా పైన ఆటోకమిట్ గడికి టిక్ పెట్టే ఉంటుంది. అందులో చేసి ఉంటే నా అరవై వరసలూ ఉండేవి. హాయే. కానీ జరిగిన తప్పుని వెనక్కి తిప్పుకునే వీలూ ఉండేది కాదు. తర్వాత నెలలో వేర్ అనే షరతు మర్చిపోయి ఎనభై మందికీ ఒకే లీటర్లు పెట్టేసినప్పుడు, రోల్‌బ్యాక్ అని ఒక్క మాట కొట్టి బయటపడ్డాను. ఆ రోజు ఒరాకిల్‌కి మనసులో దండం పెట్టుకున్నాను.

నార్మలైజేషన్, అంటే ఒకే సంగతి పదే పదే రాయకుండా టేబుల్స్ విడగొట్టే పాఠం దగ్గర మాత్రం నాకు కష్టం కాలేదు, ఆ సంగతి త్వరగా చెప్పేస్తా. మా ఊళ్లో పాలు పోసే సుబ్బారావులు ముగ్గురు: మిలటరీ సుబ్బారావు, రావిచెట్టు సుబ్బారావు, ఉత్త సుబ్బారావు. అందుకే నాన్న ఎప్పుడో అందరికీ నెంబర్లిచ్చాడు. చిన్న పుస్తకంలో నెంబరు, పేరు, ఇంటి గుర్తు ఒక్కసారే ఉంటాయి. పెద్ద పుస్తకంలో నెంబరు, పూట, లీటర్లు, వెన్న. 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ అనే ఆయన డేటాని టేబుల్స్‌గా పెట్టుకునే ఈ రిలేషనల్ పద్ధతిని పేపర్‌గా రాశాడని మేడమ్ చెబుతుంటే, పదో తరగతి తప్పిన మా నాన్న గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకిట్లా రెండు పుస్తకాలు పెట్టావు నాన్నా అంటే, "ప్రతి పూటా పేరు రాస్తే చెయ్యి పడిపోద్ది గదా" అన్నాడు.

ఆ రెండు పుస్తకాల్ని ఫారిన్ కీతో, అంటే పెద్ద పుస్తకంలో రాసే నెంబరు చిన్న పుస్తకంలో ఉండి తీరాలనే నియమంతో, కట్టాక ఒరాకిల్ కాపలా మొదలవుతుంది. 39కి బదులు 93 కొట్టానొకసారి. మా దగ్గర 93 లేదు. 2291, 'పేరెంట్ కీ నాట్ ఫౌండ్'. మా పక్కనమ్మాయి దాన్ని 'అమ్మానాన్నల తాళంచెవి కనపడలేదు' అని తెలుగు చేసింది. దీనికి తిరగబడ్డది 2292, 'చైల్డ్ రికార్డ్ ఫౌండ్'. ఆ చలికాలం మా 17వ నెంబరు తాత పోయాడు. పేర్ల టేబుల్ నుంచి తీసేయబోయాను. తీయనివ్వలేదు. ఆయన పోసిన పూటలు రెండో టేబుల్‌లో ఉన్నాయి కదా, అవి ఎవరివని చెప్పాలి మరి. నాన్నని అడిగితే, "17 ఎవరికీ ఇవ్వను, అట్లా ఉండనీ" అన్నాడు. స్టేటస్ అని ఒక కాలమ్ చేర్చి వదిలేశాను.

ఇక జాంప్. ఒరాకిల్ నా 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌ని నెమ్మది చేస్తోందని మధ్యలో రెండు నెలలు జాంప్‌కి మారాను. అందులో మై ఎస్‌క్యూఎల్ అని బటన్ ఉంటుంది గానీ లోపల నడిచేది మరియాడీబీ. మై ఎస్‌క్యూఎల్ కట్టిన వైడెనియస్ పెద్ద కూతురి పేరు మై, చిన్న కూతురి పేరు మరియా. పెద్దది సన్ చేతికి వెళ్లి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ ఇంటికి చేరింది. ఆయన దాన్నుంచే చీల్చి చిన్నదాన్ని కట్టుకున్నాడు. జాంప్ తేలిక. బ్రౌజర్‌లో పీహెచ్‌పీ మై అడ్మిన్ తెరిస్తే టేబుల్స్ కళ్లెదుట గళ్లుగళ్లుగా ఉంటాయి, మౌస్‌తో గడి నొక్కి అంకె మార్చుకోవచ్చు. నల్ల కిటికీ నుంచి వచ్చినవాళ్లకి ఏసీ బస్సెక్కినట్టుంటుంది.

అక్కడే దెబ్బ తిన్నాను. తప్పు నాదే, క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, నేనే రాశాను. పది రోజుల బిల్లుకి ఒక్కో నెంబరుకీ లీటర్లన్నీ కూడి, రేటుతో గుణించమన్నాను. రేటు మాత్రం పూట పూటకీ మారుతుంది, వెన్నని బట్టి. ఒకాయనవి మూడు పూటలు తీసుకుని చెబుతా: 4 లీటర్లు 54 చొప్పున 216, 3 లీటర్లు 50 చొప్పున 150, ఇంకో 3 లీటర్లు 46 చొప్పున 138. మొత్తం 504 రావాలి. నాకు వచ్చింది 540. పది లీటర్లు కూడి, మూడు రేట్లలో ఏదో ఒకటి, ఆ రోజు 54 చేతికి తగిలింది, దాంతో గుణించి ఇచ్చింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, ఆకుపచ్చ టిక్ పెట్టి మరీ ఇచ్చింది. ఎనభై మంది బిల్లు అట్లా తీసి నాన్న చేతికిచ్చాను. ఆయన రెండో పేరు దగ్గరే పట్టుకున్నాడు. పాలవాళ్ల దగ్గర ఒక్క రూపాయి తేడా వస్తే ఊరంతా తెలుస్తుంది, అదృష్టం బాగుండి కాగితం ఇల్లు దాటలేదు.

అదే క్వెరీ ఒరాకిల్‌లో పెట్టి చూశాను. 979, 'నాట్ ఎ గ్రూప్ బై ఎక్స్‌ప్రెషన్'. గుంపులో చేర్చని కాలమ్‌ని నేరుగా అడగనివ్వదు, రేటు ఏ పూటదో నువ్వే చెప్పమంటుంది. సెమిస్టరంతా ఆ 979ని తిట్టుకున్నదాన్ని. మరియాడీబీలో కూడా 'ఓన్లీ ఫుల్ గ్రూప్ బై' అనే సెట్టింగ్ పెడితే ఇట్లాగే ఆపుతుంది, కాకపోతే మనం పెట్టాలి, మామూలుగా ఉండదు. అసలు మై ఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి అది పెట్టే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ సెట్టింగ్ ఒకటుందని ఎవరు చెబుతారు? అందుకే జూనియర్లకి నా జవాబు ఒరాకిల్. జాంప్ తర్వాత ఎప్పుడైనా వారంలో వస్తుంది.

అలాగని ఒరాకిల్‌తో అన్నీ సుఖాలే అనను. నల్ల కిటికీలో వరస వెడల్పు 80 అక్షరాలే, పేజీకి 14 గీతలే. ఎనిమిది కాలమ్‌ల ఈఎంపీని చూడబోతే అన్నం విస్తట్లోంచి పప్పు కారినట్టు కిందకి జారిపోతుంది. లైన్‌సైజ్ 200, పేజ్‌సైజ్ 100 అని రోజూ లాగిన్ అవ్వగానే కొట్టాలి, మా రికార్డు పుస్తకాల్లో ఈ రెండు లైన్లూ లేవు. పెద్ద క్వెరీలో ఒక్కక్షరం తప్పు పోతే ఈడీ అని కొట్టండి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, సరిచేసి మూసి, స్లాష్ కొడితే మళ్లీ నడుస్తుంది. ఇది నాకు సెమిస్టర్ చివర్లో తెలిసింది. అప్పటిదాకా మొత్తం మళ్లీ కొట్టేదాన్ని. ఇక బ్రౌజర్ పేజీలో చేసేవాళ్లు ఒకటి చూసుకోండి, అది మామూలుగా పది వరసలే చూపిస్తుంది. మా క్లాసులో ముగ్గురు ఈఎంపీలో పదిమందే ఉన్నారని రికార్డులో రాశారు.

తెలుగు పేర్ల సంగతి. కాలేజీ 10జీ వెస్టర్న్ యూరోపియన్ రకం, తెలుగు పెడితే ప్రశ్నార్థకాలే మిగిలాయి. 11జీ అన్ని భాషలూ పట్టే యూనికోడ్‌లోనే వస్తుంది, కాబట్టి ఇంట్లో ఎస్‌క్యూఎల్ డెవలపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని తెలుగులో కొట్టాను. పేరుకి 20 ఇచ్చాను, సరిపోతుందని. ఉత్త సుబ్బారావు దగ్గరే ఆగింది: 12899, పట్టేది 20, వచ్చింది 30. సుబ్బారావుకి ముప్పై ఎక్కడివి? ఆ 20 అక్షరాలు కావు, బైట్లు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి, ఒక్కోదానికి మూడేసి బైట్లు. సుబ్బారావులో అట్లాంటివి పది. కాలమ్ పెట్టేటప్పుడు 20 పక్కన క్యార్ అని చేరిస్తే బైట్లు కాక అక్షరాలు లెక్కపెడుతుంది. మై ఎస్‌క్యూఎల్ మామూలుగానే అక్షరాలు లెక్కపెడుతుంది, ఈ ఒక్క విషయంలో దానిదే పైచేయి.

11జీ ఎక్స్‌ప్రెస్‌కి 11 జీబీ డేటా హద్దు ఉంది, ర్యామ్ ఒక జీబీకి మించి వాడదు. హద్దు అనగానే కొందరు భయపడుతున్నారు. మా కేంద్రంలో ఎనభై మందివీ కలిపి ఏడాదికి 58,400 పూటలు. వరసకి 60 బైట్లు వేసుకుంటే మూడున్నర ఎంబీ. ఆ 11 జీబీ నిండడానికి మూడు వేల ఏళ్లు పడుతుంది. అప్పటికి గేదెలుంటే చూద్దాం.

ల్యాప్‌టాప్ నెమ్మదైతే విండోస్ సర్వీసెస్‌లోకి వెళ్లి ఒరాకిల్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చుకోండి, అవసరమైనప్పుడే స్టార్ట్ చేసుకోవచ్చు. స్టార్ట్ చేయడం మర్చిపోయి లాగిన్ అవ్వబోతే 12560 వస్తుంది. కంగారు పడి తీసేసి మళ్లీ వేసుకోకండి. నేను వేసుకున్నాను, రెండుసార్లు.

నేర్చుకోవడానికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. రోజువారీ పాల లెక్కకి రెండే. నాన్న ఆ కిటికీ ముందు కూర్చోలేడు, కూర్చోవాల్సిన పనీ లేదు. పూటలు పుస్తకంలోనే రాస్తాడు, నేను ఆదివారం ఎక్కిస్తాను, బిల్లు రాత్రి నా ప్రింటవుట్ పక్కన పెట్టుకుని అయిదారు పేర్లు చేత్తో సరిచూస్తాడు. టీవీ పెట్టుకోవచ్చిప్పుడు, సౌండ్ తక్కువ పెట్టుకుని.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, సిస్, సిస్టమ్ అనే ఇద్దరు పెద్ద యూజర్లకీ అదే. ఎక్కడైనా రాసుకోండి. నేను డీబీఎంఎస్ రికార్డు వెనక అట్ట మీద రాసుకున్నాను. ఎక్స్‌టర్నల్ రోజున రికార్డు సబ్మిట్ చేసి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. మీకూ అట్లా జరిగితే, ఇన్‌స్టాల్ చేసిన విండోస్ లాగిన్‌తోనే ఉండి, కనెక్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి స్లాష్, తర్వాత యాజ్ సిస్‌డీబీఏ అని కొట్టండి. పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిస్తుంది, కొత్తది పెట్టుకోవచ్చు. రికార్డు మాత్రం కాలేజీ వాళ్లు ఇంకా తిరిగివ్వలేదు.